తీగ లేని ఇంజను

ఖరగ్‌పూర్ జంక్షన్‌లోని పొడవాటి ప్లాట్‌ఫారం 1072 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్, పదేళ్ల తర్వాత హుబ్బళ్లి దాన్ని వెనక్కి నెట్టేదాకా పిల్లల జనరల్ నాలెడ్జి పుస్తకాల్లో దానిదే మొదటి పేరు. ఈ చివర నుంచి ఆ చివరకు సామాను మోసుకుంటూ నడిచే ప్రయాణికుడి నెత్తిమీద దారి పొడుగునా ఒక రాగి తీగ ఉంటుంది. అందులో 25 వేల వోల్టులు. హౌరా నుంచి వచ్చిన డబ్ల్యూఏపీ-7 ఇంజను ఆ తీగ నుంచి కావలసినంత కరెంటును కావలసిన క్షణంలో గుంజుకుంటుంది. 6,350 హార్స్‌పవర్ యంత్రం అది. అయినా దాని పొట్టలో ఇంధనమంటూ ఏమీ లేదు. ఒకసారి నింపితే ఎంత దూరం పోతుందని దాన్ని గురించి ఎవరూ అడగరు. తీగ ఉన్నంత దూరం పోతుంది.

స్టేషను బయట ఆగి ఉన్న ఎలక్ట్రిక్ కారు దగ్గరికి వచ్చిన ప్రతివాడూ అడిగేది మాత్రం ఆ ప్రశ్నే. "ఎంత ఇస్తుంది?" మైలేజీ అడిగే గొంతుతోనే అడుగుతారు గానీ మైలేజీ ప్రశ్న డబ్బు గురించి, ఇది నడిరోడ్డు మీద ఆగిపోవడం గురించి. కారు కూడా కరెంటు బండే. దానికి తీగ లేదు కాబట్టి తాగబోయే కరెంటంతా ముందే మూటగట్టి నేల కింద పెట్టుకుని తిరగాలి. ఆ మూట ఎంత బరువు, ఎంతసేపట్లో నిండుతుంది, ఎంత దూరంలో ఖాళీ అవుతుంది అన్నవే ఈ అధ్యాయంలో మనకు పని.

రైల్వే ఊళ్లో ఈ బెంగ కొత్తదేం కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 1898–1900 మధ్య ఇక్కడ జంక్షన్ కట్టి, పక్కనే వర్క్‌షాపు లేపినప్పుడు ఇంజన్లు బొగ్గునూ నీళ్లనూ వెంట మోసుకుని పోయేవి. బొగ్గు కంటే ముందు నీళ్లు అయిపోయేవి. అందుకే ఏ స్టేషన్లో నీళ్ల ట్యాంకు, ఏ స్టేషన్లో బొగ్గు, ఎక్కడ ఇంజను మార్పు అన్నవి ముందు తేలితేగాని టైంటేబుల్ రాయడానికి ఉండేది కాదు. ఇంజను బలం ఒక లెక్క. తర్వాతి వాటర్ కాలమ్ ఎక్కడుందన్నది ఇంకో లెక్క. రెండోది తప్పితే మొదటిది ఎందుకూ కొరగాదు.

1902లో వాల్తేరు–కటక్ మార్గం కూడా బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే చేతికి వచ్చింది. ఆ పట్టాల వెంటే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల మనవాళ్లు ఖలాసీలుగా, ఫైర్‌మన్లుగా, ఫిట్టర్లుగా ఖరగ్‌పూర్ చేరారు. మథురాకాటిలో, నింపురాలో ఈనాటికీ తెలుగు వినపడుతుంది, మాత పూజలు వస్తే వీధులు నిండిపోతాయి. ఆ ఫైర్‌మన్ల మనవల్లో కొందరిప్పుడు ఎలక్ట్రిక్ కార్లు కొంటున్నారు. తాతలు నీళ్లకు వేసిన లెక్కను వీళ్లు యూనిట్లకు వేస్తున్నారు.

ఎలక్ట్రిక్ కారు కూడా కొత్తదేమీ కాదు. 1899 ఏప్రిల్లో, ఖరగ్‌పూర్ ఇంకా ఇటుక మీద ఇటుక పేర్చుకుంటున్న రోజుల్లో, పారిస్ శివార్లలో కామీల్ జెనాట్జీ అనే బెల్జియం దేశస్థుడు బ్యాటరీ కారును గంటకు 105 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో నడిపాడు. రోడ్డు బండి వంద దాటడం అదే మొదలు. వేగంలో పెట్రోలును ఓడించిన ఆ బ్యాటరీ దూరంలో ఓడిపోయి, వందేళ్ల పాటు తెరమరుగైంది. రైళ్లు మాత్రం ఆ చిక్కును తెలివిగా తప్పించుకున్నాయి: మూట మోయడం ఎందుకు, తీగే లాగేద్దాం అనుకున్నాయి. 1960ల చివరికి హౌరా–ఖరగ్‌పూర్ మధ్య తీగ వచ్చేసింది.

ఇక మూట సంగతి. కరెంటు బిల్లులో చూసే యూనిట్‌తోనే లెక్క వేద్దాం. ఒక లీటరు పెట్రోల్లో దాదాపు 9 యూనిట్ల శక్తి ఉంటుంది. 40 లీటర్ల ట్యాంకులో 360 యూనిట్లు, దాని బరువు 30 కిలోలు. 2020 జనవరిలో మన దేశంలో అమ్మకానికి వచ్చిన నెక్సాన్ ఈవీ బ్యాటరీ 30.2 యూనిట్లు. ఆ తరగతి బ్యాటరీలు పావు టన్ను పైనే తూగుతాయి. అంటే శక్తి పన్నెండో వంతు, బరువు ఎనిమిది రెట్లు. అయినా బండి నడుస్తోందంటే కారణం మోటారు. పెట్రోలు ఇంజను తన తిండిలో ముప్పాతిక వంతును వేడిగా పొగగొట్టంలోంచీ రేడియేటర్లోంచీ పారబోసి పావు వంతుతో చక్రం తిప్పుతుంది. మోటారుకు అందినదాంట్లో తొంభై శాతం దాకా చక్రానికే పోతుంది. పొదుపరి కాబట్టి చిన్న మూటతో నెట్టుకొస్తోంది. కానీ పొదుపరి ఇంట్లో ప్రతి రూపాయి ఖర్చూ కనపడుతుంది. పెట్రోలు కారులో ఏసీ వేసినా, వేగం పెంచినా, ఎదురుగాలి వీచినా తేడా ఆ పెద్ద దుబారాలో కలిసిపోయేది. ఇక్కడ ప్రతిదీ మీటరు మీదికి ఎక్కుతుంది.

ఆ నెక్సాన్‌కు పరీక్షలో వచ్చిన దూరం 312 కిలోమీటర్లు. కంపెనీ అబద్ధం చెప్పలేదు. పరీక్షే అలాంటిది. మన దేశపు పరీక్షా చక్రంలో బండిని రోలర్ల మీద నడుపుతారు. వేగం 90 దాటదు, ఎక్కువ భాగం ఊరి ట్రాఫిక్‌లాంటి నెమ్మది నడకే, ఏసీ ఆపి ఉంటుంది. చౌరంగీ కూడలి దాటి పదహారో నంబరు జాతీయ రహదారి మీద కోల్‌కతా వైపు తిరిగిన కారు ఆ పరీక్షలోని కారు కాదు.

లెక్క వేసి చూద్దాం. మనుషులతో కలిపి 1550 కిలోల కారు. దాన్ని ఆపడానికి ఇద్దరు కాచుకుని ఉంటారు. ఒకరు టైరు, ఇంకొకరు గాలి. టైరు రాపిడి వేగంతో పెద్దగా మారదు, కిలోమీటరుకు 0.04 యూనిట్లు పుచ్చుకుంటుంది. గాలి అలా కాదు. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగు రెట్లు. గంటకు 60లో వెళ్తే గాలి కూడా కిలోమీటరుకు 0.04 తింటుంది. వేగం 100కు పెరిగితే 0.11 తింటుంది. మోటారులో పోయేదీ, ఏసీకి పోయేదీ కలిపితే 60లో కిలోమీటరుకు 0.113 యూనిట్లు, 100లో 0.186 యూనిట్లు. 30 యూనిట్ల బ్యాటరీ మీద మొదటి వేగంతో 265 కిలోమీటర్లు వస్తాయి. రెండో వేగంతో 160.

ఖరగ్‌పూర్ నుంచి కోల్‌కతా నడిబొడ్డుకు రోడ్డు మీద సుమారు 130 కిలోమీటర్లు. రానూ పోనూ 260. అంటే ఒక్క చుక్క పోయకుండా కోల్‌కతా వెళ్లి రావచ్చా అన్న ప్రశ్నకు అవుననీ కాదనీ రెండు జవాబులూ నిజమే. బ్యాటరీ అదే, దారి అదే, కారు అదే. కుడికాలు ఎంత నొక్కిందన్నదే తేడా. 60లో పోయేవాడు కాగితం మీద గట్టెక్కుతాడు. డెబ్రా టోల్‌గేటు దాటగానే వందకు ఎక్కించినవాడు వెనక్కి వచ్చేటప్పుడు ఎక్కడో ఒకచోట ప్లగ్గు వెతుక్కోవాలి. లారీలు రయ్యిమని దూసుకుపోయే ఆ రోడ్డు మీద 60లో పోతూ ఉండటం ఎంతవరకు క్షేమమన్నది వేరే సంగతి. ఆచరణలో జనం 80 దగ్గర స్థిరపడతారు. అప్పుడు ఖర్చు 0.143. కాగితం మీద 210 కిలోమీటర్లు.

ఇంతా చేసి డ్యాష్‌బోర్డు మీద కనిపించే 'ఇంకా ఇంత దూరం' అన్న అంకె కొలత కాదు, అంచనా. బ్యాటరీలో మిగిలినది ఎంతో కారుకు దాదాపుగా తెలుసు. దాన్ని ఇటీవలి కిలోమీటర్ల సగటు ఖర్చుతో భాగించి చూపిస్తుంది. గోల్‌బజారు సందుల్లో నెమ్మదిగా తిరిగి వచ్చిన కారు పొద్దున్నే 250 అని గొప్పలు పోతుంది. హైవే ఎక్కాక పాతిక కిలోమీటర్లు నడిస్తే అంకె నలభై తగ్గుతుంది. కొత్తగా కొన్నవాళ్ల గుండె జారేది సరిగ్గా ఇక్కడే. నడిచిన దూరం కంటే తరిగిన దూరం ఎక్కువ కనపడితే బ్యాటరీ చెడిపోయిందేమోనని షోరూముకు ఫోన్లు చేస్తారు. కారుకు ముందున్న దారి తెలియదు, వెనకటి దారే తెలుసు. అంతకు మించి ఏమీ జరగలేదు.

మా చిన్నాన్న లోకో పైలట్‌గా రిటైరై మలంచా వైపు ఇల్లు కట్టుకున్నాడు, ఇలాంటి కారే కొన్నాడు. ఆయన ఆ అంకె వైపు చూడడు. "ఏటిరా అది, జాతకం లాగ! శాతం చూడు, యూనిట్లు చూడు. మిగతాది దారి చెప్తాది" అంటాడు. ఆ మాటలో ఉద్యోగం ఉంది. రైల్వేలో ఒక డ్రైవర్ని కొత్త సెక్షనుకు పంపేముందు 'ఎల్.ఆర్.' ఇస్తారు, అంటే లెర్నింగ్ రోడ్. ఇంజను నడపడం ఇరవై ఏళ్లుగా వచ్చినవాడైనా సరే, ఎక్కడ ఎత్తు, ఏ సిగ్నలు మలుపు చాటున ఉంది, న్యూట్రల్ సెక్షన్ ఎక్కడ అన్నవి వేరే డ్రైవరు పక్కన నిలబడి చూసి, దారి తెలిసిందని సంతకం పెడితేగాని సొంతంగా బండి తియ్యడు. న్యూట్రల్ సెక్షన్ అంటే తీగలో కరెంటు లేని చిన్న ముక్క. ఒక సబ్‌స్టేషన్ కరెంటు ఇంకో సబ్‌స్టేషన్ కరెంటుతో కలవకుండా మధ్యలో వదిలిన ఖాళీ. అక్కడ డ్రైవరు సర్క్యూట్ బ్రేకరు తెరిచి, ఉన్న ఊపుతోనే బండిని దాటిస్తాడు. తీగ ఉన్న ఇంజనుకు కూడా కరెంటు లేని చోట్లున్నాయి. ఎక్కడున్నాయో ముందే తెలుసు కాబట్టి ఎవరికీ బెంగ లేదు.

ఎలక్ట్రిక్ కారు కొన్నవాళ్లలో బెంగ మూడు నాలుగు నెలల్లో తగ్గిపోతుందని అందరూ అంటారు. బ్యాటరీ అప్పటికేం పెరగదు, ఎల్.ఆర్. పూర్తవుతుందంతే. మేదినీపూర్ వెళ్లి రావడానికి ఎన్ని శాతం, ఏ హోటలు ఆవరణలో ఛార్జరు పనిచేస్తుంది, ఏది ఎప్పుడూ పనిచెయ్యదు, టోల్‌గేటు దగ్గర ఎంతసేపు ఆగాలి అన్నది ఒంటికి పడుతుంది. పెద్ద బ్యాటరీ కొంటే బెంగ తీరుతుందన్న సలహా నాకు అంతగా రుచించదు. వాడని వంద కిలోల బరువును రోజూ సంతకు మోసుకెళ్లడానికి లక్షలు పెట్టడం అది.

బ్రేకు వేస్తే కరెంటు తిరిగి వస్తుందన్న మాటను కూడా చిన్నాన్న దగ్గరే తూచి చూడాలి. త్రీ-ఫేజ్ ఇంజన్లు బ్రేకు వేసినప్పుడు మోటార్లు జనరేటర్లై తీగలోకి కరెంటు తిప్పి పంపుతాయి. ఎంత తీసుకున్నదీ ఎంత తిప్పి ఇచ్చిందీ క్యాబ్‌లో తెర మీద కనపడుతుంది. 1200 టన్నుల బండి గంటకు 100లో పోతుంటే దాని ఊపులో సుమారు 130 యూనిట్లు దాగి ఉంటాయి, నాలుగు కార్ల బ్యాటరీలకు సరిపడా. మన కారు 80లో పోతుంటే ఆ ఊపు విలువ 0.1 యూనిట్. దాంట్లో సగం పైన వెనక్కి వచ్చినా అర కిలోమీటరు దారి. గేటు బజారులో పది అడుగులకోసారి ఆగే కారుకు ఈ చిల్లరే పోగవుతుంది. హైవే మీద బ్రేకు తొక్కడమే అరుదు, వచ్చేదీ అరుదు. ఊళ్లో ఎలక్ట్రిక్ కారు ఎక్కువ దూరం పోవడానికి, పెట్రోలు కారు హైవే మీద ఎక్కువ ఇవ్వడానికి కారణాల్లో ఇదొకటి.

ఇప్పుడు ఇంటి దగ్గర ప్లగ్గు. ఈ మొత్తం వ్యవహారంలో అసలు రణరంగం హైవే కాదని, ఇంటి గోడేనని నా అభిప్రాయం. ఏసీకి వాడే 15 ఆంపియర్ల సాకెట్ నుంచి గంటకు 3 యూనిట్లు తీసుకోవచ్చు. రాత్రి తొమ్మిదికి తగిలిస్తే తెల్లారేసరికి బండి నిండుతుంది. వినడానికి సులువు. కానీ ఏసీ కంప్రెసర్ ఆగుతూ నడుస్తూ ఉంటుంది. కారు అలా కాదు, ఎనిమిది తొమ్మిది గంటలు ఏకధాటిగా 14 ఆంపియర్లు లాగుతుంది. సాకెట్లో పిన్ను వదులై 0.2 ఓముల నిరోధం ఏర్పడిందనుకోండి. కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణిస్తే 39 వాట్లు. రేడియో రిపేరు చేసేవాడి సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లే. అంతకంటే వేడి వస్తువును ప్లాస్టిక్ సాకెట్లో రాత్రంతా ఉంచినట్టు. పొద్దున్నే సాకెట్ ముఖం గోధుమరంగుకు తిరిగి, కాలిన బేకలైట్ వాసన కొడితే కారణం అదే. పాత రైల్వే క్వార్టర్లలో, వంటింటి కిటికీలోంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు లాగి బండికి తగిలించడం ఇంకా ప్రమాదం. అక్కడి వైరింగ్ ఫ్యానుకూ బల్బుకూ వేసినది. వేరే లైను వేయించుకోవాలంటే ఎలక్ట్రికల్ వాళ్లకు అర్జీ పెట్టుకోవాలి.

దీనికంటే చిత్రమైనది ఎర్తింగ్. ఖరగ్‌పూర్ నేల ఎర్రటి లాటరైట్, గట్టి మొరం. వేసవిలో ఎండిపోతే కరెంటును తనలోకి రానివ్వదు. ఫ్రిజ్జూ టీవీ ఎర్తింగ్ లేకపోయినా నోరెత్తకుండా పనిచేస్తాయి కాబట్టి ముప్ఫై ఏళ్లుగా ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. మొదటిసారి కారు తగిలించినప్పుడు ఛార్జరు పెట్టె మీద ఎర్ర దీపం వెలుగుతుంది, కారు కిమ్మనదు. చాలామంది ఛార్జరే చెడిందనుకుంటారు. కేబులు మధ్యలో ఉండే ఆ పెట్టెలో జరిగేది ఇదీ. కరెంటు వదిలేముందు అది 'పైలట్' అనే సన్నటి తీగ మీద కారుతో మాట్లాడుతుంది. 12 వోల్టుల సంకేతం, సెకనుకు వెయ్యి సార్లు ఎక్కి దిగుతుంది. ప్రతి విడతలో ఎంతసేపు ఎక్కి ఉందన్నదాన్ని బట్టి 'ఇక్కడ ఇన్ని ఆంపియర్లే తీసుకో' అని కారుకు తెలుస్తుంది. కారు తన వైపు ఒక నిరోధాన్ని కలిపి ఆ వోల్టేజీని తగ్గించి 'సరే, సిద్ధం' అంటుంది. అప్పుడు లోపల రిలే టక్కుమంటుంది. ఆ సంభాషణ తిరిగి వచ్చే దారి ఎర్త్ వైరే. ఎర్త్ లేని బండిని ముట్టుకుంటే షాకు కొట్టవచ్చు కాబట్టి పెట్టె ముందు ఇంటి ఎర్త్‌ను పరీక్షిస్తుంది, అది సరిగ్గా లేకపోతే రిలేను కదలనివ్వదు.

ఎలక్ట్రీషియన్ వచ్చి మల్టీమీటరు ఒక కొస న్యూట్రల్‌లో, రెండోది ఎర్త్‌లో పెట్టి చూస్తాడు. రెండు మూడు వోల్టులుంటే మంచిది. ఇరవై ముప్ఫై చూపిస్తే ఎర్త్ పేరుకే ఉందని అర్థం. విరుగుడు పాతదే: పెరట్లో నీడపట్టున గొయ్యి తీసి, మూడు మీటర్ల జీఐ పైపు దింపి, చుట్టూ బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా వేసి పూడ్చడం, ఎండల్లో బకెట్టుతో నీళ్లు పోస్తూ ఉండటం. ఉప్పు తేమను పట్టి ఉంచి అయాన్లను ఇస్తుంది, వాటి మీదే కరెంటు మట్టిలోకి దిగుతుంది. ఉప్పు పైపును తినేస్తుంది కాబట్టి ఇప్పుడు బెంటొనైట్ పొడి వాడేవాళ్లు ఎక్కువయ్యారు. ఏప్రిల్లో మలంచాలో ఎవరైనా పెరట్లో ఉత్త మట్టికి శ్రద్ధగా నీళ్లు పోస్తుంటే అక్కడ మొక్క కోసం వెతక్కండి.

ఈ ఊళ్లో ఎలక్ట్రిక్ బండి అంటే నిజానికి కారు కాదు, టోటో. ఈ-రిక్షాకు బెంగాల్లో ఆ పేరు. స్టేషను ముందు బారులు తీరి ఉంటాయి. సీటు కింద నాలుగు లెడ్-యాసిడ్ బ్యాటరీలు, అన్నీ కలిపి 48 వోల్టులు, ఐదారు యూనిట్లు. టోటో నడిపే దాదాకు డ్యాష్‌బోర్డులో ఏ జోస్యమూ లేదు. నిండా జనం ఎక్కి ఫ్లైఓవరు ఎక్కేటప్పుడు వోల్టు మీటరు ఎంత పడుతుందో, దిగాక ఎంత తేరుకుంటుందో చూస్తాడు. బ్యాటరీ నీరసపడితే లోపలి నిరోధం పెరుగుతుంది, బరువు మీద వోల్టేజీ ఎక్కువ పడుతుంది. పుస్తకం భాషలో చెప్పాల్సిన ఆ సూత్రం ఆయనకు సవారీని ఒప్పుకోవాలా వద్దా అన్న నిర్ణయంగా తెలుసు. సాయంత్రం ఇంత మిగిలితే ప్రేమ్‌బజారు సవారీ వద్దు, ఇంటి వైపుదైతే సరే. కార్ల కంటే చాలా ముందే దూరం బెంగను రోజువారీ బేరంగా మార్చుకున్నవాళ్లు వీళ్లు.

పబ్లిక్ ఛార్జింగుకు వద్దాం. మన దేశంలో దానికి దారి తెరిచింది 2018లో కేంద్ర విద్యుత్ శాఖ ఇచ్చిన వివరణ: బండికి ఛార్జింగ్ పెట్టడం కరెంటు అమ్మకం కాదు, సేవ, కాబట్టి 2003 విద్యుత్ చట్టం కింద లైసెన్సు అక్కర్లేదు. ఆ డిసెంబరులోనే వచ్చిన మార్గదర్శకాలు ఊళ్లలో మూడు కిలోమీటర్ల గడికొకటి, రహదారుల మీద ఇరువైపులా 25 కిలోమీటర్లకొకటి ఉండాలన్నాయి. కాగితం మీద అది తాతల కాలపు వాటర్ కాలమ్‌ల పటం లాంటిదే. తేడా ఏమిటంటే వాటర్ కాలమ్‌లో నీళ్లు లేకపోతే స్టేషన్ మాస్టరు జవాబు చెప్పాలి. ఒక సాయంత్రం హైవే పక్క ఒక ఛార్జరు దగ్గర మేం ఆగితే యాప్‌లో 'ఖాళీగా ఉంది' అని పచ్చగా వెలుగుతోంది. అక్కడ ఖాళీగానే ఉంది మరి, తెర కూడా చీకటిగా ఉంది. కాపలా కుర్రాడు "లైన్ నేయీ, దాదా" అన్నాడు. కాలబైశాఖి గాలివానకు ఎక్కడో తీగ తెగిందట. ఛార్జరు అమ్మినవాడిదీ, స్థలం ఇచ్చినవాడిదీ, యాప్ నడిపేవాడిదీ, కరెంటు ఇచ్చేవాడిదీ నలుగురి బాధ్యతలు వేరువేరైనప్పుడు బండి యజమాని ఎవరినీ తిట్టుకోలేడు. ఆ కంపెనీ యాప్, ఈ కంపెనీ వాలెట్, ముందుగా డబ్బు వేయడం, క్యూఆర్ కోడ్ పట్టకపోవడం, ఆ పైన పద్ధెనిమిది శాతం జీఎస్టీ. ఇంటి రేటుకు రెండింతలు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ పడుతుంది.

అన్నీ సవ్యంగా ఉన్నా వేగం ప్రశ్న ఉంటుంది. పెట్రోలు పంపు నిమిషానికి 30 లీటర్లు పోస్తే అది నిమిషానికి 270 యూనిట్లు, అంటే 16 మెగావాట్లు. రైల్వే ట్రాక్షన్ సబ్‌స్టేషన్లో ఒక పెద్ద ట్రాన్స్‌ఫార్మరు 21.6 ఎంవీఏ. ఒక పంపు కుర్రాడి చేతిలో ఉన్న గొట్టం రైళ్లు నడిపే సబ్‌స్టేషనుకు దగ్గరి శక్తిని మోస్తోందన్నమాట. మన హైవేల మీద కనపడే 30 కిలోవాట్ల ఛార్జరు నిమిషానికి అర యూనిట్ ఇస్తుంది. ఈ పోటీలో కరెంటు ఎన్నటికీ గెలవదు, గెలవనక్కర్లేదు కూడా. పెట్రోలు కారు పంపుకు పోయి తీరాలి. ఎలక్ట్రిక్ కారు యజమాని నిద్రపోతుండగా నిండుతుంది.

ఛార్జరు దగ్గర 80 శాతం దాటగానే వేగం ఎందుకు పడిపోతుందని ప్రతివాళ్లూ విసుక్కుంటారు. లిథియం అయాన్లు ఎలక్ట్రోలైటు దాటి వచ్చి గ్రాఫైటు పొరల మధ్య సర్దుకోవాలి. జనరల్ బోగీ ఎక్కినట్టే. ఖాళీ బోగీలోకి మొదటివాళ్లు పరిగెత్తి కూర్చుంటారు, చివరివాళ్లు ఒక్కొక్కరే సందు చూసుకుని లోపలికి జరగాలి. వెనకనుంచి అలాగే తోస్తే లోపలికి పోలేని లిథియం గ్రాఫైటు పైనే లోహంగా పేరుకుంటుంది. అది తిరిగి రాదు, పైగా సూదుల్లా పెరిగితే లోపలే షార్టు అయ్యే ప్రమాదం. అందుకని బ్యాటరీ కంప్యూటరు కరెంటును తనే తగ్గిస్తుంది. పది నుంచి ఎనభైకి ముప్పావుగంటో గంటో పడితే, ఎనభై నుంచి వందకు ఇంచుమించు అంతే పడుతుంది. వెనక ఇంకో కారు ఆగి ఉండగా వంద నిండేదాకా కదలనివాడి మీద జరిమానా వేసినా తప్పులేదు.

వేడి కూడా ఇదే లెక్కలోకి వస్తుంది. 2024 ఏప్రిల్ 30న ఖరగ్‌పూర్ పక్కనే ఉన్న కలాయికుండాలో 47.2 డిగ్రీలు నమోదైంది. అలాంటి రోజు ఎండలో ఆగిన కారులో బ్యాటరీని చల్లబరచడానికే కొంత కరెంటు పోతుంది. మనుషులకు ఏసీ, బ్యాటరీకి ఏసీ, రెండూ ఆ ముప్ఫై యూనిట్లలోంచే. వేడెక్కిన బ్యాటరీకి ఫాస్ట్ ఛార్జరు పూర్తి కరెంటు ఇవ్వదు. మన దేశపు చాలా కార్లలో ఉన్నది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం. 1997లో పాఢి, నంజుండస్వామి, గుడ్‌ఎనఫ్ కలిసి రాసిన పత్రంతో వెలుగులోకి వచ్చిన పదార్థం అది. అదే గుడ్‌ఎనఫ్‌కు లిథియం బ్యాటరీల మీద చేసిన పనికి 2019లో, ఇంకో ఇద్దరితో కలిపి, నోబెల్ వచ్చింది. ఫాస్ఫేటులో ఆక్సిజన్ భాస్వరాన్ని గట్టిగా పట్టుకుని ఉంటుంది. వేడికి ఊడి మంటకు ఆజ్యం పోయదు. బరువు కాస్త ఎక్కువైనా ఈ ఎండలకు అదే నయం.

పొగ సంగతి దాచడం బాగుండదు. కోల్‌కతా దారిలో రూపనారాయణ్ నది ఒడ్డున కోలాఘాట్ థర్మల్ కేంద్రం పొగగొట్టాలు కారు అద్దంలోంచే కనపడతాయి. మన గ్రిడ్‌లో యూనిట్‌కు సగటున 0.7 కిలోల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్ వస్తోంది. కిలోమీటరుకు 0.143 యూనిట్లంటే వంద గ్రాములు, ఛార్జింగ్‌లోనూ తీగల్లోనూ పోయేది కలిపితే 120–130. అదే సైజు పెట్రోలు కారు 150 గ్రాముల దగ్గర ఉంటుంది. లాభం ఉంది గానీ ప్రకటనల్లో చూపినంత లేదు. ఊరి గాలి విషయంలో లాభం పెద్దది. పొగ గోల్‌బజారులో రాదు. కోలాఘాట్ వాళ్లు మాత్రం ఈ వాక్యాన్ని వేరేగా చదువుతారు.

చివరి పరీక్ష వేసవి సెలవుల్లో వస్తుంది. ఖరగ్‌పూర్ తెలుగు కుటుంబాలకు ఊరంటే ఇంకా శ్రీకాకుళం జిల్లాయే. ఇక్కడి నుంచి పలాసకు ఐదున్నర వందల కిలోమీటర్లకు పైనే: బాలేశ్వర్, భద్రక్, భువనేశ్వర్, చిలికా పక్కగా బరంపురం, ఇచ్ఛాపురం. 80లో పోతే 80 యూనిట్లు కావాలి. ఇంటి నుంచి 30తో బయల్దేరి, ప్రతిచోటా పది నుంచి ఎనభైకి నింపుకుంటే మూడు చోట్ల ఆగాలి, ముందుజాగ్రత్తకు నాలుగు. ఒక్కోచోట గంట. "రైలెక్కితే రాత్రి పడుకుని పొద్దున్నే దిగుతావు, అదీ కరెంటు బండే కదా" అన్నాను నేను. "పిల్లలు కారులో వస్తామన్నారు రా" అన్నాడు చిన్నాన్న. బయల్దేరేముందు రెండు రోజులు కూర్చుని కాగితం మీద ఒక పట్టీ రాశాడు: స్టేషను, కిలోమీటరు, చేరేసరికి మిగలాల్సిన శాతం, అక్కడ చెడితే తర్వాతిది ఎంత దూరం. వర్కింగ్ టైంటేబుల్ అచ్చంగా.

దారిలో ఇబ్బంది రాలేదు. ఊళ్లో వచ్చింది. అత్తయ్య వాళ్లింట్లో మోటారు కోసం వేసిన 15 ఆంపియర్ల ప్లగ్గుంది, ఎర్తింగ్ బావి పక్కన తడి నేలలో ఉంది కాబట్టి దీపం పచ్చగానే వెలిగింది. కానీ సాయంత్రం వీధి వీధంతా ఫ్యాన్లూ మోటార్లూ వేసేసరికి వోల్టేజీ 230 నుంచి 170కి పడింది. ఛార్జరు ఆగిపోయింది. కాసేపటికి తనే మొదలైంది, మళ్లీ ఆగింది. చిన్నాన్న ప్లగ్గు పీకేసి, ఎనిమిది ఆంపియర్లకు తగ్గించి, రాత్రి పదకొండుకు, వీధిలో టీవీలన్నీ ఆగాక, మళ్లీ తగిలించాడు. ఆ రేటున తెల్లారేసరికి నిండేది సగమే. "రేపటికి మందసా దాకా చాలు, అంతకు మించి ఎక్కడికెళ్తాం" అని మంచం వాల్చుకున్నాడు.